క్లైవు ప్రభువు – క్షతగాత్రుల నిధి

తిరువళ్ళూరు నుండి తిరుత్తణికి పోవు రాజమార్గమున, పట్టణము దాటిన కొలది దూరమునకే తిరుప్పాచ్చూరు అను గ్రామము కలదు. వాసీశ్వరస్వామి దర్శనమునకు వచ్చు భక్తులకు ఈ యూరు సుపరిచితము. మన విద్యార్థులలో పలువురు బస్సులో ఈ యూరి మీదుగా పోయి యుందురు. కాని ఈ గ్రామమునకు మరియొక చరిత్ర కలదని ఎరిగినవారు కొలదిమందియే. ఆంగ్లేయులు దీనిని ట్రిపాసూరు అని పిలిచిరి. ఇచ్చట నొక కోట యుండెను. 1781వ సంవత్సరమున ఐర్ కూటు అను సేనాని ఆ కోటను హైదరాలీ సైనికుల నుండి గైకొనెను. తరువాతి శతాబ్దమున, ఈస్టిండియా కంపెనీ కొలువులో ముదుసళ్లై ఆయుధము పట్టుటకు శక్తి చాలని తెల్ల సైనికులు కొందరు పింఛను పుచ్చుకొనుచు ఈ యూర కాపురముండిరి.

యుద్ధములో కాలు పోగొట్టుకొన్నవాని గతి యేమి? చేయి విరిగిన సైనికునకు అన్నము పెట్టవలసినవారెవరు? రాజా, ప్రజలా, లేక దయగల ధనవంతుడా? ఈ ప్రశ్న నేటిది కాదు. కంపెనీ ప్రభుత్వమున ఈ ప్రశ్నకు చెప్పబడిన సమాధానములలో పేరుపొందినది ‘క్లైవు ప్రభువు నిధి’. ఆ నిధిని నెలకొల్పిన రాబర్టు క్లైవు మన దేశమును పరుల పాలు చేసినవారిలో ప్రథముడు. అతడు శూరుడు, ధనాశాపరుడు కూడ. అతని జీవితమును తెలిసికొన్నగాని ఆ నిధి మంచిచెడ్డలు మనకు బోధపడవు.

క్లైవు 1725వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన ఇంగ్లండు దేశమున ష్రాప్‌షైరు మండలములో జన్మించెను. తండ్రి న్యాయవాది. వంశము పాతది, ఆస్తి స్వల్పము, సంతానము అధికము. బాలుడైన క్లైవు చదువున శ్రద్ధ చూపలేదు. పెక్కు పాఠశాలలు మారెను. మార్కెట్ డ్రేటను అను ఊరిలోని దేవాలయ శిఖరమును ప్రాకి, అందరు భయముతో చూచుచుండగా పైని కూర్చుండెనని అతని బాల్యమును గూర్చి ఒక కథ చెప్పుదురు. ఇట్టి కుమారుని ఎట్లు బాగుచేయవలెనో తోచక తండ్రి అతనికి కంపెనీలో గుమాస్తా పని సంపాదించి, 18వ యేట ఓడ నెక్కించెను.

ఆ ఓడ దారిలో బ్రెజిలు తీరమున చిక్కుకొని నెలల తరబడి నిలిచిపోయెను. తుదకు 1744వ సంవత్సరమున క్లైవు చెన్నపట్టణమున దిగెను. జీతము సంవత్సరమునకు 5 పౌనులు మాత్రమే. స్నేహితులు లేరు; ఎండ దుస్సహము; పని లెక్కలు వ్రాయుట, బట్టల మూటలు లెక్కించుట. ఆ యువకుడు ఒంటరితనముతో జీవితముపై విరక్తి చెందెను. అతని విరక్తిని పోగొట్టినది పుస్తకము కాదు, మిత్రుడు కాదు, యుద్ధము.

1746వ సంవత్సరమున ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. క్లైవు ఈ దేశపు వేషము ధరించి తప్పించుకొని, కడలూరు సమీపమున నున్న సెంట్ డేవిడ్ కోటకు చేరెను. అచ్చట లేఖిని విడిచి ఖడ్గమును చేపట్టెను. తాను పుట్టినది ఈ పనికే యని అతనికి అప్పుడు తెలిసెను.

ఆ కాలమున కర్ణాటక నవాబు పదవికై చందా సాహెబు, మహమ్మదాలి అను ఇరువురు పోరాడుచుండిరి. చందా సాహెబునకు ఫ్రెంచివారు, మహమ్మదాలికి ఆంగ్లేయులు తోడుపడిరి. 1751వ సంవత్సరమున మహమ్మదాలి తిరుచిరాపల్లిలో ముట్టడింపబడి యుండెను. చందా సాహెబు రాజధానియైన ఆర్కాటును పట్టుకొన్నచో శత్రువు తన బలములో కొంత అటు పంపక తప్పదని క్లైవు యోచించెను. అతడు 200 మంది తెల్ల సైనికులతోను, 300 మంది సిపాయిలతోను చెన్నపట్టణము విడిచి, కాంచీపురము మీదుగా నడచెను. ఉరుములు మెరుపులతో వాన కురియుచుండగా వారు జంకక నడచుట చూచి, కోటలోని వారు బెదిరి కోటను విడిచి పారిపోయిరని చెప్పుదురు. ఆర్కాటు మన తిరుత్తణికి దూరము కాదు. అచ్చటి ఢిల్లీ దర్వాజా నేటికిని నిలిచి యున్నది.

కోట సులభముగా చిక్కెను గాని దానిని నిలుపుకొనుట సులభము కాలేదు. చందా సాహెబు కుమారుడు రజా సాహెబు వేలకొలది సైన్యముతో వచ్చి ముట్టడించెను. గోడలు శిథిలములు, కందకము పూడిపోయినది. లోపల నిలువబడి పోరాడగలవారు తెల్లవారు 120 మంది, సిపాయిలు 200 మంది. ముట్టడి 50 దినములు సాగెను. ప్రతిదినము ఎవరో ఒకరు నేలకొరగుచుండిరి. గాయపడినవారిని మోసికొని పోవుటకు కూడ మనుష్యులు చాలలేదు.

ఈ సమయముననే జరిగినదని పిమ్మటి కాలపు చరిత్రకారులు వ్రాసిన ఒక గాథ కలదు. కోటలో బియ్యము తరిగిపోవుచుండెను. అప్పుడు సిపాయిలు క్లైవు నొద్దకు వచ్చి, అన్నమును తెల్ల సైనికులకు పెట్టుమనియు, వార్చిన గంజి తమకు చాలుననియు విన్నవించుకొనిరట. ఇది యథార్థముగా జరిగినదో, తరువాత పుట్టిన కథయో నిశ్చయించుట కష్టము. కాని ఆంగ్లేయ గ్రంథకర్తలే ఈ గాథను పదేపదే వ్రాసి సిపాయిల విశ్వాసమును కొనియాడిరి. చదువరులు ఈ గంజిని జ్ఞాపకముంచుకొనవలెను. మరల దాని మాట వచ్చును.

తుది దాడి మొహర్రము దినములలో జరిగెను. నొసళ్లకు ఇనుప పలకలు కట్టిన ఏనుగులను కోట తలుపుల మీదికి తోలిరి. తుపాకి గుండ్లు తగిలిన ఏనుగులు వెనుకకు తిరిగి తమవారినే త్రొక్కెను. ఆ దినమున కోటలో పోరాడ శక్తిగలవారు 80 మంది తెల్లవారు, 120 మంది సిపాయిలు మాత్రమే. గుత్తి మురారిరావు మహారాష్ట్ర దళములు క్లైవునకు తోడుగా వచ్చుచున్నవను వార్త కూడ రజా సాహెబును తొందరపెట్టెను. దాడి విఫలము కాగా ముట్టడి తొలగిపోయెను. 26 యేండ్ల గుమాస్తా ఒక్కసారిగా ప్రఖ్యాత సేనాని యయ్యెను. మరుసటి సంవత్సరము కావేరిపాక్కము యుద్ధమున మరల విజయము పొందెను. 1753లో చెన్నపట్టణపు కోటలోని సెంట్ మేరీ దేవాలయమున మార్గరెట్టు మాస్కెలినును వివాహమాడి స్వదేశమునకు పోయెను. అచ్చట అతనికి సన్మానములు జరిగెను. ఆర్కాటు గోడల క్రింద పడిన సిపాయిల పేర్లు మాత్రము ప్రజల నోట నిలువలేదు.

1756లో కలకత్తాను బంగాళ నవాబు సిరాజుద్దౌలా పట్టుకొనెను. దానిని తిరిగి గైకొనుటకు మరల భారతదేశమునకు వచ్చియున్న క్లైవును చెన్నపట్టణము వారు ఓడలపై పంపిరి. అతని వెంట పోయిన సిపాయిలలో మన తెలుగువారును, తమిళులును, దక్కనీ ముసల్మానులును ఉండిరి. బంగాళ ప్రజలు ఈ దక్షిణాది సిపాయిలను తిలంగాలని పిలిచిరి. తరువాత ఉత్తరదేశమున చేర్చుకొన్న సిపాయిలకు కూడ ఆ పేరే నిలిచిపోయినది. తెలుగు జాతి పేరు ఉత్తర భారతమున సైనికునకు పర్యాయపదమగుట వింత గొలుపును. వారు అన్యుల జెండా క్రింద పోరాడిరన్నది విచారకరమైన సత్యము. కడుపు కూటికై కొలువు చేరిన ఆ పేదలను నిందించుట కంటె వారి గతిని విచారించుట మేలు.

1757వ సంవత్సరము జూన్ 23వ తేదీన ప్లాసీ యుద్ధము జరిగెను. క్లైవు సైన్యము సుమారు 3,000 మంది. అందు మూడింట రెండు వంతులు సిపాయిలు. కుట్ర సహాయమున దొరికిన ఆ విజయమున కంపెనీ వైపు చనిపోయినవారు, గాయపడినవారు కొలదిమందియే. వారిలోను అధికులు సిపాయిలే. నవాబైన మీర్ జాఫరు క్లైవునకు 2,34,000 పౌనుల ధనమిచ్చెను. తరువాత సాలునకు సుమారు 27,000 పౌనులు వచ్చు జాగీరు కూడ ఇచ్చెను. ఒకప్పుడు 5 పౌనుల జీతగాడు ఇంగ్లండులోని మహా ధనవంతులలో ఒకడయ్యెను. 1762లో ప్రభువు అను బిరుదు కూడ లభించెను.

1765లో క్లైవు గవర్నరుగా మరల కలకత్తాకు వచ్చెను. ఆగస్టు 12వ తేదీన మొగలు చక్రవర్తి షా ఆలం నుండి బంగాళ దివానీని పొందెను. అదే దినమున మన ఉత్తర సర్కారులపై హక్కునిచ్చు ఫర్మానా కూడ కంపెనీకి దొరికెను. ఒక్క దినమున కోట్లకొలది ప్రజల భాగ్యము చేతులు మారెను.

ఆ సంవత్సరముననే మన కథకు ముఖ్యమైన సంగతి జరిగెను. మీర్ జాఫరు ఫిబ్రవరిలో మరణించుచు క్లైవునకు 5 లక్షల రూపాయలు మరణశాసనముగా విడిచి పోయెను. కాని కంపెనీ ఉద్యోగులు ఈ దేశపు ప్రభువుల నుండి కానుకలు గైకొనరాదని కొత్తగా కట్టుబాటు ఏర్పడి యుండెను. దానిని అమలు పెట్టవలసినవాడు క్లైవే. ఆ ధనమును పుచ్చుకొన్నచో తానే నియమము తప్పినవాడగును. వదలుకొనుటకు మనసు రాదు. అప్పుడతడు ఆ మొత్తమును కంపెనీ సైన్యములో అంగవైకల్యము పొందినవారికిని, వృద్ధులై శక్తి యుడిగినవారికిని, మరణించినవారి వితంతువులకును వినియోగింపవలెనని నిశ్చయించెను. తరువాతి నవాబు మరి 3 లక్షలు చేర్చెను. 1770వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ఒడంబడిక వ్రాయబడెను. ఇదియే క్లైవు ప్రభువు నిధి.

ఈ నిధి వలన మేలు కలుగలేదని చెప్పరాదు. ఇంగ్లండులో రాజు సైన్యమున పనిచేసినవారికి చెల్సీ పట్టణమున 17వ శతాబ్దము నుండియు ఆశ్రయ భవనమును, పింఛనులును ఉండెను. కంపెనీ సైనికులకు అట్టి ఆధారము లేదు. సముద్రములు దాటి వచ్చి, జబ్బుపడియో గాయపడియో తిరిగిపోయిన సామాన్య సైనికుడు లండను వీధులలో బిచ్చమెత్తుకొనవలసిన స్థితియే. అట్టివానికి దినమునకు కొన్ని పెన్నీలైనను దొరకుట గొప్ప ఊరట. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి అది ప్రాణాధారము. దాదాపు 90 సంవత్సరములు ఈ నిధి వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టెను.

కాని దీనియందు రెండు లోపములు గలవు. ఒకటి, ఈ నిధి యూరోపియను సైనికుల కొరకే ఏర్పడినది. ఆర్కాటులో గంజి త్రాగినవానికి గాని, ప్లాసీలో గాయపడిన తిలంగాకు గాని దానిలో భాగము లేదు. ధనము బంగాళ ప్రజలది. నెత్తురు చాలవరకు సిపాయిలది. నిధి మాత్రము తెల్లవారిది. కాలక్రమమున కంపెనీ సిపాయిలకు కూడ వేరుగా కొన్ని ఏర్పాట్లు చేసెను. వృద్ధ సిపాయిల పటాలములను నెలకొల్పి కోటల కాపలా వంటి తేలిక పనులు పెట్టెను. కొందరికి స్వల్ప పింఛను ఇచ్చెను. ఉత్తరదేశమున కొందరికి భూములిచ్చెను. అవి యన్నియు తెల్ల సైనికునకు దొరకిన దానికి చాల తక్కువ.

రెండవ లోపము ఒడంబడికలోనే దాగి యుండెను. కంపెనీకి సైన్యము లేని దినము వచ్చినచో ఈ మూలధనము క్లైవు వారసులకు తిరిగి చెందవలెనని అందు వ్రాయబడెను. 1770లో ఆ మాట ఎవరికిని పెద్దదిగా తోచియుండదు.

క్లైవు తుది దినములు సుఖముగా గడువలేదు. అతడు 1767లో దేశము విడిచిన కొలది కాలమునకే బంగాళమున ఘోరమైన కరవు వచ్చెను. ప్రజలలో మూడవ వంతు మరణించిరని అంచనా. కంపెనీ వారి దోపిడీ ఇంగ్లండులో అందరి నోట పడెను. 1773లో పార్లమెంటు క్లైవు ధనార్జనపై విచారణ జరిపెను. అతడు ధనము పుచ్చుకొన్నాడని నిర్ణయించియు, దేశమునకు గొప్ప సేవ చేసెనని తీర్మానించి విడిచిపెట్టెను. అపకీర్తి, ఎడతెగని రోగబాధ, నల్లమందు అలవాటు అతనిని క్రుంగదీసెను. 1774వ సంవత్సరము నవంబరు 22వ తేదీన, 49వ యేట, లండనులో అతడు కన్నుమూసెను. తన చేతులతోనే ప్రాణము తీసికొనెనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. కోట్లు గడించినవాని సమాధిపై చాలకాలము పేరైనను లేకపోయెను.

అతని నిధి అతని కంటె చాలకాలము జీవించెను. 1857 తిరుగుబాటు పిదప కంపెనీ పాలన అంతరించి, దాని సైన్యము రాణి ప్రభుత్వమునకు చెందెను. అప్పుడు క్లైవు వారసుల పక్షమున న్యాయస్థానమున వ్యాజ్యము వేయబడెను. కంపెనీకి ఇప్పుడు సైన్యము లేదు గనుక ఒడంబడిక ప్రకారము మూలధనము మాకీయవలెనని వారి వాదము. 1863లో ఇంగ్లండు ప్రభువుల సభ వారికి అనుకూలముగా తీర్పు చెప్పెను. సుమారు ఒక శతాబ్దము క్షతగాత్రులను పోషించిన మూలధనము సంపన్న వంశమునకు తిరిగిపోయెను. తీర్పు చట్టప్రకారము సరియైనదే కావచ్చును. దానము ఇచ్చినవాడు పెట్టిన షరతు దానముతో కూడ నడచును. అందుచేతనే సైనికుని పోషణ దానముపై ఆధారపడరాదు.

ఈ పాఠమును నేర్చుటకు లోకమునకు చాలకాలము పట్టెను. మొదటి ప్రపంచయుద్ధమున వేలకొలది భారతీయ సైనికులు అవయవములు కోల్పోయి తిరిగి వచ్చిరి. వారికి వృత్తులు నేర్పుటకు 1917లో బొంబాయిలో క్వీన్ మేరీ సాంకేతిక పాఠశాల ప్రారంభమై తరువాత పూనా సమీపమున ఖడ్కీకి తరలెను. 1944లో పూనాలో కృత్రిమ అవయవముల కేంద్రము వెలసెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము జరుపబడుచున్నది. మాజీ సైనికుల కష్టసుఖములు విచారించుటకు జిల్లాలలో కార్యాలయములు గలవు. విధి నిర్వహణలో అంగవైకల్యము పొందిన సైనికునకు ప్రత్యేక పింఛను కలదు. అది నిరాకరింపబడినచో అతడు సాయుధ దళముల ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. దాని శాఖ చెన్నైలో నున్నది. పింఛను ప్రభువు దయతో ఇచ్చు కానుక కాదనియు, చేసిన సేవ వలన లభించు హక్కనియు 1982లో మన సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. 1863 నాటి వ్యాజ్యమున న్యాయస్థానమునకు పోయినది దాత వారసులు. నేడు పోగలవాడు గాయపడిన సైనికుడు. ఈ భేదమే మనము పొందిన అభివృద్ధి.

అట్లని అంతయు చక్కబడినదని తృప్తిపడరాదు. హక్కు కాగితముపై నుండుట వేరు, అది ఇంటికి చేరుట వేరు. అర్జీ వ్రాయుట తెలియక, ఏ కార్యాలయమునకు పోవలెనో తెలియక నలిగిపోవు ముసలి సైనికులు మన పల్లెలలో ఉండవచ్చును. తెలుగు మాట్లాడు ఇంట పుట్టి, తమిళమున వ్రాతకోతలు జరుగు ఊర నివసించుచు, ఆంగ్లమున వచ్చిన ఉత్తరమును చేతబట్టుకొని చదివి పెట్టువారికై ఎదురుచూచు వృద్ధుని ఊహించుకొనుడు. మూడు భాషలు నేర్చుచున్న మన పిల్లలు అతనికి చేయగల సాయము చిన్నది కాదు.

బాలబాలికలారా! పతాక దినమున మీరు రొమ్మున ధరించు చిన్న జెండా వెల కొలది రూపాయలే. దానిని బిచ్చముగా తలచి కొనకుడు. తీర్పవలసిన ఋణములో ఒక లవలేశముగా తలపుడు. ఇక ఎప్పుడైన తిరుప్పాచ్చూరు మీదుగా పోవునపుడు, అచ్చట పింఛనుతో ప్రొద్దుపుచ్చిన తెల్ల సైనికులను మాత్రమే కాక, ఆర్కాటు కోటలో గంజి త్రాగి పోరాడిరని చెప్పబడు ఆ పేరులేని సిపాయిలను కూడ ఒక్క నిమిషము స్మరింపుడు. వారికి నిధి లేకపోయెను. వారి మనుమలు, మునిమనుమలు నేడు స్వతంత్ర భారత సైన్యమున నిలిచి యున్నారు. వారిలో ఏ యొక్కరును గాయపడి గంజికై చేయి చాచకుండ చూచుట మన ప్రభుత్వమునకు ధర్మము, మనకును ధర్మము.